నీటికుక్క పద్దు



కాకినాడలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు కోరింగ మడ అడవి చూసి వచ్చాం. మా వరంగల్ వాళ్ళకి నీళ్ళంటే చెరువే. పాకాల, రామప్ప చూసిన కళ్ళకి ఆ ఆటుపోట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు అన్నీ వింతే. పడవ అతను బురదలో అడుగుల జాడ చూపించి, "నీటికుక్కదండీ. వల కొరికేసి చేపలు తినేస్తదండీ" అన్నాడు. "దీన్ని కాపాడ్డానికి కూడా డబ్బు పోస్తున్నారట, విన్నావా వదినా!" అంది మా ఆడపడుచు. ఇంటి పద్దు రాసేవాళ్ళం కదా, మనకి ముందు ఆ మాటే వస్తుంది. ఇవాళ ఆ డబ్బు సంగతే చెప్పుకుందాం. అయితే దానికి ముందు, ఈ నీటికుక్క చుట్టం ఒకటి ఉంది, దాని కథ వినాలి.

అది సముద్రపు నీటికుక్క. మన సముద్రాల్లో ఉండదు. రష్యా, అలాస్కా, కాలిఫోర్నియా తీరాల చల్లని నీళ్ళలో ఉంటుంది. తిమింగలాలకీ సీళ్ళకీ చలి తగలకుండా చర్మం కింద కొవ్వు ఉంటుంది. దీనికి అదీ లేదు, ఉన్నదల్లా బొచ్చే. మన తలంతా కలిపి వెంట్రుకలు లక్ష ఉంటాయేమో, దీనికి ఒక్క చదరపు అంగుళంలో పది లక్షల దాకా ఉంటాయి! తల్లి వెల్లకిలా తేలుతూ పిల్లను పొట్టమీద పడుకోబెట్టుకుంటుంది. తిండికోసం మునగాల్సి వస్తే, పిల్ల కొట్టుకుపోకుండా సముద్రపు నాచు తీగ చుట్టి మరీ వెళుతుంది. మనం చంటిదాన్ని ఉయ్యాల్లో వేసి వంటింట్లోకి వెళ్ళమూ, అలాగన్నమాట.

ఆ బొచ్చే దాని కొంప ముంచింది. 1741లో బేరింగ్ అనే నావికుడి ఓడ ఒక దీవి దగ్గర బద్దలైంది. ఆయన అక్కడే పోయాడు. మిగిలినవాళ్ళు చలికాలమంతా ఈ జంతువుల మాంసం తిని బతికి, మరుసటి ఏడు వేసవిలో తోళ్ళు పట్టుకుని ఇల్లు చేరారు. చైనాలో ఆ తోళ్ళకి మంచి ధర పలికింది. ఇంకేముంది, నూటడెబ్బై ఏళ్ళు వేటే వేట. లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా ఉండేవని అంచనా వేసిన జంతువులు 1911 నాటికి ఒకటి రెండు వేలకు దిగాయి. ఆ ఏడు అమెరికా, బ్రిటన్, రష్యా, జపాన్ కూర్చుని వేట ఆపుతూ ఒప్పందం రాసుకున్నాయి. కాలిఫోర్నియాలో అసలు లేవనుకున్నవి 1938లో ఒక వాగు మొగ దగ్గర ఓ యాభై కనిపించాయి.

వేట ఆపడానికి సంతకాలు చాలు. బతికించడానికి మాత్రం డబ్బు కావాలి. 1968లో మార్గరెట్ ఓయింగ్స్ అనే ఆవిడ పూనుకుని వీటికోసం ఒక సంఘం పెట్టింది. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ ఓడలోంచి చమురు ఒలికినప్పుడు వెయ్యి దాకా కళేబరాలు దొరికాయి. నూనె అంటితే ఆ బొచ్చు చలిని ఆపదు మరి. మూడు వందల యాభై దాకా పట్టి తెచ్చి, కడిగి, ఆరబెట్టి, మేపితే దాదాపు రెండు వందలు మళ్ళీ నీళ్ళకు చేరాయి. అందుకు అయిన ఖర్చు సుమారు 1 కోటి 80 లక్షల డాలర్లు! అది చమురు కంపెనీ పెట్టుకుంది. ఒలకబోసినవాడే కదా తుడవాల్సింది.

నాకు నచ్చింది ఇంకొకటి. 2006లో కాలిఫోర్నియా ప్రభుత్వం ఆదాయపన్ను ఫారంలో ఒక గడి పెట్టింది. ఇష్టమున్నవాళ్ళు సముద్రపు నీటికుక్కల కోసం ఎంతో కొంత అందులో రాయవచ్చు. బలవంతం లేదు. ఆ డబ్బు అవి ఎందుకు చచ్చిపోతున్నాయో పరిశోధించడానికి వెళుతుంది. అలాంటి పరిశోధనల్లో బయటపడ్డదేమిటో చెబితే నవ్వుతారు. దోషుల్లో ఇంటి పిల్లి కూడా ఉంది! పిల్లి మలంలోని ఒక పరాన్నజీవి వాననీటితో సముద్రానికి చేరి వీటి మెదడుకు జబ్బు తెస్తోంది. అందుకే పిల్లి మలాన్ని మురుగులోకి వదలవద్దని, పిల్లుల కింద పరిచే మట్టి సంచులమీద అచ్చువేయాలని ఆ చట్టంలోనే రాశారు.

ఇక మన కోరింగ. 1978లో అభయారణ్యమైంది. 235 చదరపు కిలోమీటర్లు. ఇక్కడి నీటికుక్కకు నున్నని బొచ్చు. 1972 నాటి వన్యప్రాణి చట్టం దీన్ని చంపకూడదంది. 2019లో జెనీవా సమావేశంలో మన దేశమే పొరుగు దేశాలతో కలిసి అడిగి, దీని తోళ్ళ అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపించింది. డబ్బు సంగతంటారా, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ అనే అంతర్జాతీయ నిధి నుంచి ఐక్యరాజ్యసమితి ద్వారా సుమారు 60 లక్షల డాలర్లు వచ్చాయి. అది ఒక్క నీటికుక్కకని ఇచ్చింది కాదు. మడ అడవికి, తాబేళ్ళకి, జాలరుల బతుకుతెరువుకి, అన్నిటికీ కలిపి. నాకు అదే సబబనిపించింది. మడ చెట్టు పోతే చేప పోతుంది, చేప పోతే నీటికుక్కా పోతుంది, జాలరీ పోతాడు. అయినా ఎక్కడినుంచో వచ్చే నిధి ఏదో ఒకనాటికి గడువు తీరి ఆగిపోతుంది. మన పన్ను ఫారంలో అటువంటి గడి లేదు.

తిరిగి ఒడ్డెక్కుతుంటే మా ఆడపడుచు ఊరుకోలేక, "చిరిగిన వలకి డబ్బులెవరిస్తారయ్యా?" అని అడిగేసింది.

"ఎవరిస్తారండీ? రాత్రి కూకుని మా ఆడోళ్ళే అల్లుతారు" అన్నాడు.