ముందు ఏ బరువెత్తాలి?

కోల్ ఇండియా స్థాయి పోటీలకు సింగరేణి పంపే జట్లలో వెయిట్‌లిఫ్టర్లు, పవర్‌లిఫ్టర్లు, బాడీబిల్డర్లు కూడా ఉంటారు. ఆ పోటీల మీద ఆశ పెట్టుకుని, నస్పూర్, శ్రీరాంపూర్ గనుల్లో షిఫ్టు దిగి జిమ్ముకు పోయే కార్మికుడికి రోజూ ఒకటే సందేహం: ముందు ఛాతీయా, చేతులా? పెద్ద కండరాలు ముందు, చిన్నవి తర్వాత అనేది పాత మాట. అందులో నిజమెంతో తేలడానికి డెబ్బయ్యేళ్లకు పైనే పట్టింది.

కథ రెండో ప్రపంచ యుద్ధకాలపు ఆసుపత్రిలో మొదలైంది. షికాగోలోని గార్డినర్ జనరల్ హాస్పిటల్‌కు మోకాళ్లు దెబ్బతిన్న అమెరికా సైనికులు వచ్చేవారు. అక్కడి యువ వైద్యుడు థామస్ డెలోర్మ్ చిన్నప్పుడు రుమాటిక్ జ్వరంతో మంచం పట్టి, బరువులెత్తి కోలుకున్నవాడు. అదే దారిలో సైనికులకూ బరువైన కసరత్తు చేయించి, ఫలితాలను 1945లో ప్రచురించాడు. 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి దాన్ని మూడు సెట్లకు కుదించాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువే కొలత. మొదటి సెట్టులో అందులో సగం, రెండో సెట్టులో ముప్పావు, మూడో సెట్టులో పూర్తి బరువు.

ఆక్స్‌ఫర్డ్‌లో జినోవీఫ్ అనే వైద్యుడికి ఇందులో ఒక చిక్కు కనబడింది. పూర్తి బరువు దగ్గరికి వచ్చేసరికే రోగులు అలసిపోతున్నారు. 1951లో ఆయన వరుసను తిరగేశాడు: పూర్తి బరువు ముందు, ఆపైన సెట్టుకు కాస్త చొప్పున తగ్గింపు. 1954లో రెండు పద్ధతులనూ పోల్చి చూస్తే తేల్చి చెప్పేంత తేడా రాలేదు. అయినా అలసట ఎప్పుడు వస్తుందన్నది పట్టించుకోవాల్సిన విషయమని వైద్యులకు అర్థమైంది.

ఇదంతా ఒకే వ్యాయామంలోని సెట్ల సంగతి. వ్యాయామాల మధ్య వరుసను 1996లో అమెరికాలో స్ఫోర్జో, టూయీ పరీక్షించారు. బరువులెత్తడం అలవాటున్న 17 మంది మగవాళ్లతో ఒకరోజు పెద్ద కండరాల నుంచి చిన్నవాటికి, మరోరోజు తలకిందులుగా చేయించారు. తలకిందులు చేసిన రోజు స్క్వాట్ తగ్గింది, బెంచ్ ప్రెస్ మరీ కుదేలైంది. ఛాతీతో పాటు భుజాలూ, ట్రైసెప్సూ కలిసి తోస్తేనే బెంచ్ ప్రెస్. అవి ముందే అలిసిపోతే ఛాతీలో బలమున్నా బరువు లేవదు.

పాత మాటే గెలిచిందని అప్పుడనిపించింది. 2005లో బ్రెజిల్ పరిశోధకుడు రాబర్టో సిమావ్ బృందం అసలు కీలకాన్ని పట్టుకుంది. కండరం పెద్దదైనా చిన్నదైనా, చివర చేసిన వ్యాయామంలోనే రెప్స్, అంటే బరువెత్తగలిగిన సార్లు, తగ్గాయి. మరి నెలల తరబడి చేస్తే? 2010లో బ్రెజిల్‌లోనే 48 మంది యువకులతో జరిగిన ఎనిమిది వారాల అధ్యయనంలో, చేతుల వ్యాయామాలు ముందు చేసినవాళ్లకు చేతుల బలం బాగా పెరిగింది. ఇలాంటి 11 అధ్యయనాలను జోవో పెడ్రో నూనెస్ బృందం ఒకచోట చేర్చి 2021లో తీర్పు చెప్పింది: ముందు చేసినదానిలోనే బలం ఎక్కువ పెరుగుతుంది, కండ పరిమాణం మాత్రం ఏ వరుసలోనైనా దాదాపు ఒకేలా పెరుగుతుంది.

కారణం అర్థమయ్యేదే. బలమంటే కండ ఒక్కటే కాదు, ఆ కదలికలో నరాలకు కుదిరిన సాధన కూడా. తాజా ఒంటితో ఎత్తినప్పుడు ఎక్కువ బరువుతో, సరైన తీరులో ఆ సాధన సాగుతుంది.

పోటీలో వరుస మన చేతిలో ఉండదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ముందు స్నాచ్, తర్వాతే క్లీన్ అండ్ జెర్క్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 110 కిలోల స్నాచ్, 130 కిలోల జెర్క్‌తో కంచు పతకం తెచ్చింది ఆ వరుసలోనే. పవర్‌లిఫ్టింగ్‌లో డెడ్‌లిఫ్ట్ చివరిది, అలిసిన నడుముతోనే లేపాలి. అందుకే పోటీ దగ్గర పడ్డాక పోటీ వరుసలోనే సాధన చేయడం మంచిది.

గని కార్మికుడికి ఇంకో సంగతి. షిఫ్టులో మోసిన బరువు, ఎక్కిన వాలు కూడా లెక్కలోకి వస్తాయి. జిమ్ములో మొదటి సెట్టుకు ముందే నడుమో కాళ్లో అలిసి ఉంటాయి. కాళ్ల బలం కావాలనుకుంటే స్క్వాట్‌ను సెలవు రోజుకు పెట్టుకోండి. ఏ వ్యాయామంలో బలం పెరగాలని ఉందో నోట్‌బుక్‌లో రాసుకుని, ఒళ్లు వేడెక్కగానే దానితోనే మొదలుపెట్టండి. వారానికో వరుస మార్చకండి, మారిస్తే పోయిన వారం అంకెతో ఈ వారం అంకెను పోల్చలేరు.