నరాల డాక్టరు దగ్గరికి

లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి మియాపూర్ వైపు వెళితే ఏడో స్టేషన్ ఎర్రగడ్డ. హైదరాబాద్ పెద్దాసుపత్రులు కొన్ని ఈ దారి వెంబడే ఉన్నాయి. లక్డీకాపూల్ పక్కన రెడ్‌హిల్స్‌లో 1953లో తెరిచిన పిల్లల ఆసుపత్రి నీలోఫర్, ఆ చేరువలోనే మెహదీ నవాజ్ జంగ్ పేరుతో 1955లో వచ్చిన క్యాన్సర్ ఆసుపత్రి. పంజాగుట్టలో నిజామ్స్ ఇనిస్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ (నిమ్స్). ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి, మానసిక ఆసుపత్రి. ఊరి జనం జబ్బుల పేర్ల కన్నా వాటి చిరునామాలే బాగా నేర్చుకున్నారు. ‘వాణ్ని ఎర్రగడ్డకి పంపాలి’ అంటే ఇక విడమర్చి చెప్పనక్కర్లేదు.

పేర్లు నేర్పడానికి మాత్రం ఈ ఊరు తక్కువ పాట్లు పడలేదు. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో పాఠాలు ఉర్దూలో సాగేవి. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ హయాంలో ఇంగ్లిషు వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, దానికి ఏడాది ముందే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పుట్టాయి. వైద్య గ్రంథాలు ఉర్దూలోకి దిగాయి, ఉర్దూలో చదివిన డాక్టర్లు తయారయ్యారు. 1948లో హైదరాబాద్ భారత్‌లో కలిశాక మళ్లీ ఇంగ్లిషు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలు తెచ్చింది. ఎదురుగా కూర్చున్న డాక్టరు ఏ భాషలో చదివినా రోగి తన మాటే తాను చెప్పాడు. తల దిమ్ముగా ఉంది, గుండె దడ, ఒళ్లంతా గుంజేస్తోంది, నిద్ర పట్టడం లేదు. ఆఖరికి తీర్పు కూడా తనదే: ‘నరాల బలహీనత సార్.’

చదువుకున్నవాళ్లు ఈ మాట విని నవ్వుతారు. తొందరపడుతున్నారనే అంటాను. 1769లో స్కాట్లండ్ వైద్యుడు విలియం కల్లెన్ ‘న్యూరోసిస్’ అన్నది నరాల జబ్బులనే. పక్షవాతం, మూర్ఛ, ఉన్మాదం ఆయన లెక్కలో ఒకే వర్గం. 1869లో న్యూయార్క్ వైద్యుడు జార్జ్ బియర్డ్ అలసట, తలనొప్పి, నిద్రలేమి, దిగులు అన్నిటినీ మూటగట్టి ‘న్యూరస్థీనియా’ అన్నాడు. అచ్చంగా మన నరాల బలహీనతే. ఆవిరి యంత్రాలు, టెలిగ్రాఫు, పత్రికలు, విజ్ఞాన శాస్త్రాలు దీనికి కారణాలట. ఆడవాళ్లు బుర్రకు పనిపెట్టడాన్ని కూడా ఆ జాబితాలో చేర్చాడు మహానుభావుడు! అమెరికాలో ఆ మాట వాడుక తగ్గినా చైనాలో నిలిచింది. 1980ల మొదట్లో అమెరికా మనోవైద్యుడు ఆర్థర్ క్లీన్‌మన్ అక్కడి హునాన్‌లో ఆ పేరుతో చికిత్స పొందుతున్న 100 మందిని పరిశీలిస్తే, అత్యధికుల్లో డిప్రెషన్ లక్షణాలే కనిపించాయి. మనసు బాగోలేదంటే పడే నింద, నరాలు బాగోలేవంటే పడదు.

మన దగ్గరా అంతే. మెదడు, వెన్నుపాము, నరాల జబ్బులు చూసేది న్యూరాలజిస్టు. మనోవ్యాధులకు మందులిచ్చే డాక్టరు సైకియాట్రిస్టు. సైకాలజిస్టు మాటలతో, పరీక్షలతో సాయపడతాడు, మందులు రాయడు. ఈ తేడా తెలిసినవాళ్లు కూడా ‘నరాల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం’ అనే చుట్టాలకు చెబుతారు. పంజాగుట్ట నిమ్స్‌కు వెళ్లొచ్చామని చెప్పుకోవచ్చు, ఎర్రగడ్డకు వెళ్లామని చెప్పుకోలేరు. 1950ల్లో జాల్నా నుంచి ఎర్రగడ్డకు తరలివచ్చిన ఆసుపత్రి ఇప్పుడు ఇనిస్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. ఆటోవాళ్లకు మాత్రం ఇంకా పిచ్చాసుపత్రే. మానసిక రోగులకు సంబంధించిన 1912 నాటి చట్టం పేరులోనే ‘లూనసీ’ ఉండేది, 1987 చట్టంతో అది పోయింది. పేరు మార్పు కన్నా నాకు విలువైనదిగా తోచేది 2017 చట్టంలోని నిబంధన: మత్తు ఇవ్వకుండా షాక్ చికిత్స చేయకూడదు. 1888, 1889ల్లో మత్తుమందు క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చే కమిషన్లు నడిపిన ఊరు ఇది, మత్తు సంగతి మనకు కొత్త కాదు.

2022లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో న్యూరస్థీనియాకు విడిగా చోటు లేదు. మన క్లినిక్కుల్లో నరాల బలహీనత అలాగే ఉంది. ఆ మాట వినగానే బీకాంప్లెక్స్ ఇంజక్షన్ ఇచ్చి పంపేయడం తేలిక. తిమ్మిర్లుంటే షుగరు, బీ12 చూడాలి. అవి సరిగ్గా ఉంటే తలుపు దగ్గరికి వేసి, చుట్టాల్ని బయట కూర్చోబెట్టి, నిద్ర ఎన్నాళ్లుగా లేదు, ఆకలేస్తోందా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని అడగాలి.