డైనమో నుంచి స్కానర్ దాకా: ఆటో ఎలక్ట్రీషియన్ వృత్తి పరిణామం

కారు బ్యాటరీ డౌన్ కావడం మోటారు వాహనంతోపాటు పుట్టిన సమస్య కాదు. 20వ శతాబ్దపు తొలి దశకంలో చాలా కార్లను ముందు భాగాన హ్యాండిల్ దూర్చి తిప్పితేనే ఇంజను కదిలేది. దీపాలు ఎసిటిలీన్ వాయువుతోనో కిరోసిన్‌తోనో వెలిగేవి. పెట్రోలును మండించే నిప్పురవ్వను అనేక వాహనాల్లో మాగ్నెటో, అంటే బ్యాటరీ సాయం లేకుండా అయస్కాంతాలతో విద్యుత్తును పుట్టించే పరికరం, సమకూర్చేది. హ్యాండిల్ ఎదురు తన్ని మణికట్లు విరగడం పరిపాటిగా ఉన్న ఆ రోజుల్లో, అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 మోడలు కాడిలాక్ కార్లలోకి వచ్చింది. దానితో డ్రైవరుకు శ్రమ తప్పింది గాని, కారు బ్యాటరీ మీద ఆధారపడటమూ అప్పటి నుంచే పెరిగింది. ఆ బ్యాటరీ ఎందుకు డౌన్ అయిందో తేల్చవలసిన అవసరమే ఆటో ఎలక్ట్రీషియన్ వృత్తి ఎదగడానికి ఒక ప్రధాన కారణమయింది.

బ్యాటరీ మాత్రం కారు కంటే పాతది. ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు పలకలను గంధకికామ్లంలో ఉంచి, మళ్లీ మళ్లీ చార్జి చేయగల బ్యాటరీని తయారుచేయగా, 1881లో కామిల్ ఫోర్ ఆ పలకలకు సీసపు ఆక్సైడ్ ముద్దను పూసి దాని సామర్థ్యాన్ని బాగా పెంచాడు. బ్యాటరీ ఖర్చవుతున్న కొద్దీ ఆమ్లంలోని సల్ఫేటు పలకలకు పట్టి ద్రవం పలచబడుతుంది కనుక, హైడ్రోమీటరు అనే గాజు గొట్టంలోకి ఆ ద్రవాన్ని పీల్చి చూస్తే, నిండా చార్జి ఉన్నప్పుడు 1.26 నుంచి 1.28 దాకా ఉండే సాంద్రత, పూర్తిగా డౌన్ అయినప్పుడు 1.15 దరిదాపులకు పడిపోయి కనిపిస్తుంది. బ్యాటరీలోని సెల్లన్నీ సమానంగా తగ్గి ఉంటే తప్పు చార్జింగులోనో వైరింగులోనో ఉండవచ్చునని, ఒక్క సెల్లే వెనకబడితే బ్యాటరీయే దెబ్బతిన్నదని ఈ పరీక్ష సూచించేది.

తొలి తరాల కార్లలో బ్యాటరీని చార్జి చేసే పని డైనమోది. ఇంజను ఆగినప్పుడు బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పారకుండా అడ్డుకునేందుకు కటౌట్ అనే చిన్న రిలే, అంటే విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్చి, ఉండేది. దాని పాయింట్లు కాలి అతుక్కుపోతే రాత్రికి రాత్రే బ్యాటరీ ఖాళీ అయ్యేది. పైగా ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వలేదు కనుక, రాత్రివేళ లైట్లు వేసుకుని ఊళ్లలో ఆగి ఆగి నడిచే బండికి బ్యాటరీ డౌన్ కావడం సహజమే. బ్రిటిష్ కార్లలో 1960ల మధ్య దాకా బ్యాటరీ ప్లస్ వైపును బాడీకి ఎర్త్ చేసే పద్ధతి ఎక్కువగా ఉండి, తర్వాత మైనస్ ఎర్త్ స్థిరపడినందువల్ల, రెండు తరాల బండ్లనూ బాగుచేసే పనివాడు తీగ తగిలించే ముందు ఎర్త్ ఏ వైపు ఉందో చూసుకోక తప్పేది కాదు.

భారతదేశంలో అంబాసిడర్, ఫియట్ కార్ల కాలంలో ఈ విద్య ఎక్కువగా రోడ్డు పక్క షెడ్లలోనూ, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్లా, గురువు పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే. ఆంపియర్, వోల్టు, ఓమ్ మూడింటినీ కొలిచే ఏవోమీటరు బ్రిటన్‌లో 1923 నుంచే ఉన్నా, షెడ్డులో ఎక్కువగా చేతికందే సాధనం రెండు తీగలు కట్టిన బల్బు, అంటే టెస్ట్ ల్యాంపు. బండిలో అన్నీ ఆపివేసి, బ్యాటరీ ఎర్త్ తీగను విప్పి, విప్పిన తీగకూ టెర్మినల్‌కూ మధ్య ఆ బల్బును పెడితే, అది వెలిగినప్పుడు ఎక్కడో కరెంటు కారుతున్నట్టు లెక్క. ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ పోతే ఏది తీసినప్పుడు బల్బు ఆరుతుందో ఆ లైనులోనే దోషం ఉంటుంది. అలాగే హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్, అంటే స్టార్టరు, కొట్టినప్పుడు అవి పూర్తిగా మసకబారితే బ్యాటరీనో, తుప్పుపట్టిన టెర్మినళ్లనో చూడాలి; లైట్లు ప్రకాశంగానే ఉండి సెల్ఫ్ పలకకపోతే స్విచ్చి, స్టార్టరుకు కరెంటు కలిపే సోలినాయిడ్ లైను వెతకాలి. ఖరీదైన పరికరమేదీ లేకుండా సాగిన ఈ తర్కం శాస్త్రీయ పద్ధతికి ఏ మాత్రం తీసిపోదు.

అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1960 మోడలు వేలియంట్ కారుకు డైనమోకు బదులు ఆల్టర్నేటరును అమర్చడంతో డైనమో కాలం ముగియసాగింది. ఆల్టర్నేటరులోని సిలికాన్ డయోడ్లు కరెంటును ఒకే దిశలో పారనిస్తాయి కనుక కటౌట్ అవసరం తీరింది. ఇంజను మెల్లగా తిరిగినా చార్జింగు అందింది. అయితే పాత దోషం కొత్త చోటికి మారింది. ఒక డయోడు పాడైతే అతుక్కున్న కటౌట్ లాగే అదీ బ్యాటరీని ఖాళీ చేస్తుంది. మరో బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునేటప్పుడు ప్లస్ మైనస్‌లు తారుమారైతే డయోడ్లు కాలిపోతాయి. చాలా ఆల్టర్నేటర్లకు తొలి కరెంటు డాష్‌బోర్డు మీది ఎర్ర బల్బు ద్వారానే అందుతుంది కనుక, ఆ చిన్న బల్బు పోయినా చార్జింగు మొదలుకాకపోవచ్చు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక భారతీయ పనివారికి ఆల్టర్నేటరు నిత్య పరిచయమయింది.

బాష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్ బస్, అంటే కారులోని కంప్యూటర్లు ఒకే తీగల జంట మీద సమాచారం పంచుకునే ఏర్పాటు, అమెరికాలో 1996 మోడలు కార్ల నుంచి తప్పనిసరైన ఓబీడీ-2 సాకెట్, అంటే దోష కోడ్లను చదివే స్కానర్‌ను తగిలించే చోటు, దోషాల వెతుకులాటను మరో మలుపు తిప్పాయి. వోల్టేజీ పడిపోయినప్పుడు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ వంటి యూనిట్లు దోషం లేకపోయినా కోడ్లు నమోదుచేస్తాయి కనుక, బ్యాటరీని చార్జి చేసి కోడ్లను చెరిపి మళ్లీ పరీక్షించకుండా భాగాలు మార్చడం డబ్బు దండగ. బండి ఆపిన వెంటనే ఈ కంప్యూటర్లు నిద్రపోవు; అవి కొంతసేపటికి శాంతించాక 50 మిల్లీఆంపియర్లకు లోపు కరెంటు లాగడం సాధారణమే కనుక, బల్బు వెలుగుతో ఈ మామూలు వాడకానికీ లీకేజీకీ మధ్య తేడాను పట్టుకోవడం సాధ్యం కాదు. అక్కడ మీటరు కావాలి.

సాధనాలు ఎన్ని మారినా బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్, చార్జింగు, లీకేజీ అనే పరీక్షా క్రమం మారలేదు, ఎందుకంటే కరెంటు నడిచే దారి మారలేదు. స్కానర్ చూపిన కోడునే తీర్పుగా తీసుకునే అలవాటు కంటే, ఆ క్రమాన్ని పాటించే పాత పనివాడి వివేచన నేటికీ నమ్మదగినది. దానిలో అధిక భాగం తెలుగులో అక్షరబద్ధం కాకుండా చేతుల్లోనే మిగిలి ఉంది కనుక, ఆ పనివారు ఉండగానే వారి పద్ధతులను సేకరించి ఐటీఐ విద్యార్థులకు తెలుగు పాఠాలుగా అందించడం సాంకేతిక విద్యాసంస్థలు వెంటనే చేపట్టవలసిన పని.