పెనుగొండనుండి చెన్నపట్టణపు రేవువఱకు



ఈ సంచికకు చరిత్రవిషయమై ఒక వ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరినపుడు, నేను పెనుగొండకోటనుగూర్చియో లేపాక్షి దేవాలయమునుగూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. నేను వ్రాయబూనినది చెన్నపట్టణపు సముద్రతీరమునుగూర్చి. హిందూపురము, పెనుగొండ, ధర్మవరము ప్రాంతములవారికి సముద్రమెక్కడ, రేవుతో మనకేమి పని, అని కొందఱడుగవచ్చును. పని యున్నది. ఆ పట్టణము పుట్టుటకు ముఖ్యకారణము నూలువస్త్రము. దానికి స్థలమిచ్చిన రాజ్యము ఒకప్పుడు మన పెనుగొండనుండి యేలబడినది. గత సంవత్సరము పనిమీద అక్కడికి పోయి, రెండుదినములు ఆ వీథులలో తిరిగి చూచినపిదప ఈ సంగతులు మనవారికి తెలుపవలెనని తోచినది.

1565వ సంవత్సరమున రక్కసి-తంగడి యుద్ధములో విజయనగరము కూలినపిమ్మట, ఆరవీటి తిరుమలరాయలు రాజధానిని పెనుగొండకు మార్చెను. నేటికిని అక్కడ నిలిచియున్న గగనమహలును, కోటగోడలును ఆ వైభవమునకు సాక్షులు. తిరుమలరాయల తరువాత శ్రీరంగరాయలు పెనుగొండనుండియే రాజ్యమేలెను. ఆయన తమ్ముడగు వేంకటపతిరాయల కాలమున, 16వ శతాబ్ది చివర, రాజధాని చంద్రగిరికి తరలినది. ఈ వంశమువాడే పెదవేంకటరాయలు. ఆయన ప్రభుత్వమున తూర్పుతీరమునందు అధికారము వహించిన దామర్ల వేంకటాద్రినాయకుడు 1639వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన ఆంగ్లేయ వర్తకసంఘమునకు మద్రాసు గ్రామముకడ కోట కట్టుకొనుటకు అనుజ్ఞ యిచ్చెను. నాయకుని తండ్రి చెన్నప్ప. ఆయన పేరుమీదనే చెన్నపట్టణమను పేరు నిలిచినది.

ఆ తీరమున ఏమున్నదని ఆంగ్లేయులు కోరిరి? ఓడలు నిలుచుటకు చాటులేదు. అలలు ఎడతెగక విఱుగు ఇసుకనేల. ఓడలు దూరముననే లంగరు వేయగా, పలకలను మేకులు లేక నారత్రాళ్లతో కుట్టిన మసూలా పడవలపై సరకును, మనుష్యులను గట్టునకు చేర్చెడివారు. పడవ బోల్తాపడి మూటలు నీటిపాలగుటయు తఱచుగా జరిగినదే. ఇన్ని కష్టములున్నను ఫ్రాన్సిస్ డే అను ఉద్యోగి ఆ స్థలమునే ఎంచుకొనెను. ఉత్తరముననున్న ఆర్మగాము రేవుకంటె ఇక్కడ వస్త్రము నూటికి ఇరువదివంతులు చవుకగా దొరకునని అతడు తనవారికి తెలిపెను. దీనినిబట్టి చూడగా ఆ పట్టణమునకు పునాదిఱాయి నేతగాని మగ్గమేయని చెప్పవచ్చును.

ఇప్పుడు ఆ తీరమును చూడగోరువారు చెన్నై బీచి స్టేషనులో దిగి, దక్షిణముగా రాజాజీవీథివెంట నడువవలెను. పూర్వము ఈ వీథి అంచువఱకును సముద్రముండెడిది. 1875లో రేవుకట్టడము ఆరంభమైనది. 1881లో తుపాను దానిని పాడుచేసెను. మరల కట్టినపిదప ఇసుక మేటవేసి, కోటయొద్ద సముద్రము వెనుకకు జరిగినది. వీథిచివర పారీ మూలయొద్ద 1773వ సంవత్సరపు హద్దుఱాయి యొకటి నేటికిని ఉన్నది. ఆ ఱాయి వెనుక ఒక దుఃఖకథ గలదు. కోటను అంటి ఉత్తరమున నల్లపట్టణమని పిలువబడిన దేశీయుల పట్టణముండెడిది. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొని, 1749లో తిరిగి యిచ్చిరి. ఆ యుద్ధకాలమునందును, దాని తరువాతను, ఫిరంగులకు అడ్డుగానున్నవని ఇండ్లను పడగొట్టిరి. మరల ఎవ్వరును కోటదాపున ఇల్లు కట్టరాదని హద్దుఱాళ్లు పాతిరి. పాత పట్టణమున్న చోటనే 1892లో హైకోర్టు భవనము లేచినది. అక్కడి చెన్నకేశవ, చెన్నమల్లేశ్వరాలయములును తొలగింపబడి, నేటి దేవరాజమొదలి వీథిలో మరల నిర్మింపబడినవి. దేవుళ్లకే స్థానచలనము తప్పలేదన్నచో, పేదల గుడిసెలమాట చెప్పనేల?

హద్దుఱాయికి ఉత్తరమున క్రొత్తగా పెరిగిన నల్లపట్టణమే 20వ శతాబ్ది తొలిభాగమున జార్జిటౌనను పేరుపొందినది. అందలి వీథుల పేర్లను చదువుచు నడచితిని. తంబుసెట్టి వీథి, లింగిసెట్టి వీథి, సుంకురామసెట్టి వీథి. ఇవన్నియు వర్తకుల పేర్లు. వస్త్రవ్యాపారమునకు ఇప్పటికిని కేంద్రమైన గోడౌను వీథియు ఇక్కడిదే. ఆనాటి వ్యాపారపద్ధతి యెట్టిదనగా, వర్తకసంఘము ప్రధానవర్తకులతో ఒప్పందము చేసికొని సొమ్ము ముందుగా ఇచ్చును. వారు దళారులద్వారా నేతగానికి బయానా ఇప్పింతురు. నేసిన తాను కోటలోని కొట్టునకు చేరినపిమ్మట నమూనాతో పోల్చి చూతురు. తక్కువరకమని తోచినచో ధర తగ్గింతురు, లేక త్రిప్పివేయుదురు. ఈ మెట్లన్నిటిలో లాభము పైమెట్టున నిలుచును. నష్టము మాత్రము జారి జారి మగ్గపుగుంటలోనికి దిగును. 1680లో కాలధర్మము నొందిన కాశీవీరన్నవంటి మహావర్తకుల పేర్లు వర్తకసంఘపు దస్తరములలో నిలిచియున్నవి. ఆ బట్టను నేసినవారి పేర్లు ఎచ్చటను కానరావు.

పేరు లేకున్నను జాడ మాత్రము ఒకటి యున్నది. దానిని వెదకుచు మఱునాడు కూవము నదియొడ్డుననున్న చింతాద్రిపేటకు పోయితిని. దూరగ్రామములనుండి వచ్చు బట్ట దారిలో సుంకములకును కలతలకును లోబడెడిది గనుక, నేతగాండ్రను తమయొద్దనే నిలుపుకొనవలెనని గవర్నరు జార్జి మార్టన్ పిట్టు తలచెను. 1734లో, నదివంపులోనున్న సుంకురామసెట్టి తోటను తీసికొని, నూలువడకువారు, నేయువారు, అద్దకమువారు, చాకలివారు కాపురముండుటకు పేట నేర్పఱచిరి. అరవమున తఱి యనగా మగ్గము. చిన్నతఱిపేటయే చింతాద్రిపేట యైనదని చెప్పుదురు. నాటి ఆదికేశవస్వామి, ఆదిపురీశ్వరస్వామి ఆలయములు నేటికిని పూజలందుకొనుచున్నవి. కాని నేను తిరిగిన వీథులలో మోటారుబండ్ల సామగ్రి దుకాణములు కనబడినవేగాని, నాడె చప్పుడు వినబడలేదు. బట్టను ఉతికి ఆరవేసిన నదీతీరమున ఇప్పుడు నిలువశక్యముగాని దుర్గంధము. మగ్గము పోయి మగ్గముపేరు మిగిలినది.

మగ్గము ఏల పోయినది? మన నేతలో లోపముండియా? కాదు. అందుకు మన సీమతో సంబంధముగల ఒక సాక్షి యున్నాడు. కోటకు సమీపమున ఐలండు మైదానము ప్రక్కను గుఱ్ఱముపై కూర్చున్న సర్ తామస్ మన్రోగారి విగ్రహమున్నది. 1800లో నైజాము మన ప్రాంతమును కంపెనీకి దత్తము చేసినపిమ్మట, 1807వఱకు మన దత్తమండలములకు కలెక్టరుగా ఉండినవారు ఈయనయే. 1813లో ఇంగ్లండు కామన్సుసభవారి విచారణలో ఆయన సాక్ష్యమిచ్చుచు, తాను ఏడేండ్లు వాడిన దేశీయపు శాలువ ఇంచుమించు క్రొత్తదానివలెనే యున్నదనియు, ఊరకయిచ్చినను సీమశాలువను వాడననియు చెప్పెను. ఆ సంవత్సరముననే హిందూదేశ వర్తకమునందు కంపెనీకిగల ఏకాధికారము తీసివేయబడెను. మన బట్టపై ఇంగ్లండులో హెచ్చుసుంకములుండగా, యంత్రములపై నేసిన సీమబట్ట మన దేశములోనికి వెల్లువగా వచ్చిపడెను. మన బట్ట ఓడిపోయినది గుణమున గాదు.

అయినను మన చరిత్రలో విచారమొక్కటియే లేదు. రిపను భవనమువద్ద సర్ పిట్టి త్యాగరాయసెట్టిగారి (1852–1925) విగ్రహమును చూచి నమస్కరించితిని. తెలుగు దేవాంగకుటుంబమున జనించి, చాకలిపేటలో నేతశాల నడిపి, చెన్నపురి కార్పొరేషనునకు అధ్యక్షులై, 1916లో జస్టిసుపార్టీని స్థాపించినవారిలో ఒకరైన మహనీయులాయన. 1920లో ముఖ్యమంత్రిపదవి తమను వెదకికొని వచ్చినను వలదనిరి. త్యాగరాయనగరు ఆయన పేరుననే వెలసినది.

ఆ సాయంకాలము త్యాగరాయనగరునకు పోయితిని. నేడు పట్టుచీరలకు చెన్నపురిలో అంతటి బజారు మఱొకటి లేదు. ఒక దుకాణమున నా యెదుట ఒక చీరను విప్పిరి. అంచును, జరీని చూడగానే అది మన ధర్మవరపు చేనేత యని గుర్తించితిని. అమ్మువానిని అడిగితిని, అతనికి తెలియదు. కొనుచున్న యిల్లాలికి అంతకంటెను తెలియదు. నేతకులజుని పేరుగల నగరములో, నేతగాని పేరులేని చీర! 1639నుండి ఇంతకాలము గడచినను, బట్ట రేవునకు చేరులోపల నేసినవాని పేరు దారిలో జారిపోవుట మానలేదు గదా యని మనసు నొచ్చినది.

సోదరులారా! హిందూపురమున పట్టుగూళ్ల విపణి యున్నది. ధర్మవరమున మగ్గములున్నవి. ధర్మవరపు చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపును లభించినది. లేపాక్షి మంటపపు చిత్రములలో దేవతలును రాజపురుషులును ధరించిన వస్త్రముల అంచులు నేటికిని మన నమూనాలకు పాఠపుస్తకములు. మనకు లేనిది వ్రాసియుంచుకొను అలవాటు. కావున నాదొక చిన్న మనవి. ప్రతి చీరకును ఊరిపేరు, నేసినవారి పేరు గల చీటి నొకదానిని కట్టుదము. ప్రతి యింటిలోని పాత లెక్కపుస్తకములను, పత్రములను, పెద్దలు ఏయూరినుండి వచ్చిరో ఆ వృత్తాంతమును, ఆసు మొదలు అచ్చువఱకుగల పనిముట్ల మాటలను సంఘము సేకరించి భద్రపఱచవలెను. రాబోవు మహాసభనాటికి మూడు పట్టణములనుండి మూడు పుస్తకములైనను నిండవలెను.

చెన్నపట్టణమునకు పోవు మనవారు సముద్రమును చూచి, చలువగాలి పీల్చి మరలి వచ్చెదరు. ఇకమీదట ఒక పూట చింతాద్రిపేటకును పోయిరండు. అక్కడ మగ్గము లేదు. కాని ఆ పేటపేరులో మన పెద్దలున్నారు.