తాగుడు మానడానికి ఒక తోడు

మద్యపాన చరిత్ర అనగానే మనవాళ్లు చట్టాల చరిత్ర చెబుతారు. ఎప్పుడు నిషేధించారు, ఎప్పుడు ఎత్తివేశారు, ఖజానాకు ఎంత నష్టం అన్న లెక్కలే అందులో కనిపిస్తాయి. తాగుడు మానాలనుకున్న మనిషి ఎక్కడికి వెళ్లాడు, తన బాధ ఎవరితో చెప్పుకున్నాడు అన్నది అంతగా కనబడదు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాన్ని మనసులో పెట్టుకుని ఆ రెండో చరిత్ర గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ పడమటి తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. 1972లో కొత్త జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఆ పేరుకూ మద్యనిషేధానికీ సంబంధం ఉంది. రాజాజీ 1937లో సేలం జిల్లాలో ప్రారంభించిన నిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలయింది. 1953లో విడివడిన ఆంధ్ర రాష్ట్రానికి అది వారసత్వంగా వచ్చింది. నిషేధం విఫలమయిందనీ, ఎత్తివేయమనీ రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది. ఆ వివాదం మీదనే 1954 నవంబరులో, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటుతో నెగ్గి ప్రకాశంగారి ప్రభుత్వం పడిపోయింది.

తర్వాతి ఘట్టం పొరుగున ఉన్న నెల్లూరు జిల్లాలోది. 1990ల ఆరంభంలో అక్షరాస్యత తరగతుల్లో కలుసుకున్న దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధానికి సడలింపులు వచ్చాయి.

ఆ స్త్రీల విజయాన్ని తక్కువ చేసి చూడడం నా ఉద్దేశం కాదు. వారు కోరింది దుకాణం మూయడం, అది మూయించారు. కానీ దుకాణం మూసిన మర్నాడు చేతులు వణుకుతూ లేచిన మనిషికి ఏం చెయ్యాలన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. దానికి జవాబు వేరేచోట, వేరే విధంగా పుట్టింది.

1935 మే నెలలో న్యూయార్కు వాసి బిల్ విల్సన్ వ్యాపారం పనిమీద అమెరికాలోని యాక్రన్ పట్టణానికి వెళ్లాడు. పని చెడింది. అప్పటికి కొన్ని నెలలుగా తాగడం మానేసిన మనిషి. హోటల్లో ఒకవైపు బారు, ఇంకోవైపు టెలిఫోను. అతడు చర్చిల జాబితా చూసి ఫోన్లు చేస్తూపోయాడు. అతడు వెతికింది వైద్యుణ్ణి కాదు, బోధకుణ్ణి కాదు, తనలాంటి మరో తాగుబోతును. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. ఆయన చివరిసారి తాగినట్టు చెప్పుకునే 1935 జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా పాటిస్తారు. 1957లో ఆ సంఘం మనదేశానికి వచ్చింది. 1980లో మద్రాసులో శాంతి రంగనాథన్ స్థాపించిన చికిత్సా సంస్థ కూడా వైద్యంతో పాటు కుటుంబానికీ చోటిచ్చింది.

ఇక తగిన సమావేశం ఏదన్న ప్రశ్నకు వద్దాం. అక్కడ సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. రుసుము ఉండదు. ఇంటిపేరు అడగరు. కొన్ని సమావేశాలకు ఎవరైనా వెళ్లవచ్చు, కొన్ని తాగుడు సమస్య ఉన్నవారికే. తెలుగులో మాట్లాడే చోటు వెతుక్కోవడం ముఖ్యం, సిగ్గుపడే మాటలు పరాయిభాషలో రావు. దైవప్రస్తావన ఉంటుంది గాని, ఆ దైవం ఎవరన్నది ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చు. ఒకచోట మనసు కుదరకపోతే మరోచోటికి వెళ్లాలి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పరాదు. భార్యలకూ పిల్లలకూ 1951లో ఏర్పడిన అల్-అనాన్ అనే వేరే సంఘం ఉంది. రోజూ విపరీతంగా తాగేవారు హఠాత్తుగా మానితే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు, ప్రాణానికే ముప్పు. కనుక ముందు వైద్యుణ్ణి చూడాలి, ఆ తర్వాతే సమావేశం. కేంద్ర ప్రభుత్వం వారి 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు.

మన ప్రాంతపు చిక్కు ఇంకొకటి. మార్కాపురం బజారులో ఒక మనిషి ఏ గదిలోకి వెళ్లాడో సాయంత్రానికి పలకల కార్ఖానాల దాకా తెలిసిపోతుంది. పేరు దాచే సంప్రదాయం మహానగరంలో పుట్టినవారికంటే మనకే ఎక్కువ అవసరం. అందుకని మొదట్లో పొరుగూరు మేలంటాను. గుంటూరు, నంద్యాల రైలుమార్గం మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగానే పోతుంది. హైదరాబాదుకో బెంగుళూరుకో పనికి వలసపోయే మనవాళ్లు అక్కడి సమావేశాలకు వెళ్లి, తిరిగొచ్చాక ఇక్కడ మరొకరితో కూర్చోవచ్చు. యాక్రన్‌లోనూ మొదట కూర్చున్నది ఇద్దరే.

మన చరిత్రలో నిషేధం కోసం ప్రభుత్వాలు పడ్డాయి, దుకాణాలు మూతపడ్డాయి. అవి ఉన్నా లేకపోయినా, మానాలనుకున్నవాడికి "నేనూ అలాగే ఉండేవాణ్ణి" అనే మనిషి ఒకడు కావాలి. మీ ఊళ్లో అటువంటి మనిషి ఉంటే ఆయన్ను గౌరవించండి, ఆయన పేరు మాత్రం నలుగురిలో చెప్పకండి.