రూకెనౌ రాళ్ళు, నల్లగొండ మనుషులు



1889 అనగానే మా సింగరేణి వాళ్ళకు బొగ్గే గుర్తొస్తుంది. ఇల్లెందులో తవ్వకం మొదలైన ఏడాది అది. మా సెంటినరీ కాలనీ పేరులోని నూరేళ్ళూ అప్పటినుంచి లెక్కపెట్టినవే. సరిగ్గా అదే ఏడాది రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియ అనే దంపతులు నిజాం రాజ్యానికి వచ్చారు. తెలుగు నేర్చుకుని, మరుసటి ఏడు నల్లగొండలో కాపురం పెట్టారు.

వాళ్ళు మెన్నొనైట్లు. ఆయుధం పట్టరాదన్నది ఈ క్రైస్తవుల నియమం. మాట జర్మన్, వృత్తి వ్యవసాయం. ఇప్పటి ఉక్రెయిన్ దేశంలోని మైదానాల్లో 1789 నుంచి ఊళ్ళు కట్టుకుని బతికారు. అక్కడి మొలొచ్నా ప్రాంతంలో రూకెనౌ అని ఒక పల్లె. 1860లో విడిగా ఏర్పడిన మెన్నొనైట్ బ్రెద్రెన్ సంఘానికి ఆ పల్లె చర్చి పెద్దదిక్కు. ఫ్రీసెన్ దంపతులకు ఖర్చులు పంపింది ఇలాంటి పల్లె సంఘాలే. అక్కడి ఆడవాళ్ళు ఇంటిపని ముగించుకుని, నలుగురూ ఒకచోట చేరి బట్టలు కుట్టి, అవి అమ్మిన డబ్బు మిషన్ పనికి ఇచ్చేవారు.

1917 విప్లవంతో ఆ రాబడి ఆగిపోయింది. తరువాత చర్చీలు మూతపడ్డాయి. 1943లో, వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యంతోపాటు మొలొచ్నాలో మిగిలిన మెన్నొనైట్లంతా పడమటికి తరలిపోయారు. అయినవాళ్ళు లేని సమాధులను ఎవరు చూస్తారు చెప్పండి? ఎన్నో శ్మశానాల్లోని పేరు చెక్కిన రాళ్ళు ఇళ్ళకూ కొట్టాలకూ పునాదిరాళ్ళయ్యాయి.

ఇక్కడ మాత్రం పని ఆగలేదు. అమెరికా వెళ్ళి స్థిరపడిన మెన్నొనైట్లు 1899 నుంచి హైదరాబాదు వైపు వచ్చారు. మొలొచ్నాలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన కాతరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో డాక్టరై ఇక్కడికొచ్చింది. మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికే సిగ్గుపడే రోజుల్లో ఎందరో ఆడవాళ్ళకు వైద్యం చేసి, 1945 జనవరి 1న శంషాబాదులో కన్నుమూసింది. కాళ్ళు అరిగేలా ఊరూరా తిరిగినవాళ్ళు మాత్రం తెలుగు బోధకులూ, బైబిలు స్త్రీలూను. ఇవాళ ఆ సంఘానికి మహబూబ్‌నగర్ కేంద్రం. జడ్చర్లలో ఆసుపత్రి కట్టింది కూడా వీళ్ళే.

అక్కడ రాళ్ళపై పేర్లున్నాయి, చూసే మనుషులు లేకపోయారు. ఇక్కడ మనుషులున్నారు, కానీ ఆ బైబిలు స్త్రీలలో ఎందరి పేర్లు రాయిమీదికెక్కాయి? గుడి అయినా, చర్చి అయినా, దర్గా అయినా దాన్ని నిలబెట్టిన ముసలమ్మలు మీ ఊళ్ళో ఉండే ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్ళుండగానే అడిగి, ఆ పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి.