ఓడకు తొడిగిన రాగి కవచం

ఇనుముకు పట్టేది తుప్పు, రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. ఈ భేదం చిన్నప్పుడే తెలుసుకున్నాను గానీ, రెండు లోహాలు ఒకచోట కలిస్తే ఏమవుతుందో మాత్రం నష్టపోయిన తరువాతే తెలిసివచ్చింది.

కాకినాడలోని మా పాత ఇంటి పెరట్లో బోరునీటి గొట్టానికి ఇత్తడి వాల్వు బిగించాము. రెండేళ్ళు తిరగకుండానే సరిగ్గా ఆ అతుకు దగ్గర గొట్టం చివికి, నీరు కారసాగింది. మిగిలిన గొట్టమంతా నిక్షేపంగా ఉంది. నాసిరకం సరుకు అంటగట్టాడని దుకాణదారుతో తగవు పెట్టుకున్నాను. ఆనక ఒక ఓడ చరిత్ర చదివి సిగ్గుపడ్డాను.

పద్దెనిమిదవ శతాబ్దపు కొయ్య ఓడలకు రెండు బెడదలుండేవి. కొయ్యను తొలిచే సముద్రపు పురుగు ఒకటి. అడుగున గుల్లలూ నాచూ పేరుకుని వేగం తగ్గిపోవడం మరొకటి. విరుగుడుగా బ్రిటిష్ నౌకాదళం 1761లో 'అలార్మ్' అనే యుద్ధనౌక అడుగుభాగానికి పలుచని రాగిరేకులు తొడిగి వెస్టిండీస్‌కు పంపింది. 1763లో పరీక్షించి చూస్తే రాగి బాగానే ఉంది గానీ, దానిని తాకిన ఇనుప మేకులు చాలాచోట్ల చివికిపోయాయి. కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. రేకులకు చుట్టివచ్చిన గోధుమరంగు కాగితం ఆ చోట్ల తీయకుండా మిగిలిపోయి, రాగికీ ఇనుముకీ నడుమ అడ్డుగా నిలిచింది!

అప్పటికింకా విద్యుద్ఘటం పుట్టనేలేదు. 1800లో వోల్టా రెండు లోహాల బిళ్ళల నడుమ ఉప్పునీటి తడి ఉంచి విద్యుత్తు పుట్టించిన తరువాతే ఈ చిక్కుముడి విడే దారి దొరికింది. ఉప్పునీటిలో తాకుతున్న రెండు లోహాలు తమకు తామే ఒక ఘటమవుతాయి. ఎలక్ట్రాన్లను సులువుగా వదులుకునే ఇనుము కరిగిపోతుంది, రాగి నిలుస్తుంది. మామూలు తుప్పుకు రెండో లోహమైనా అక్కరలేదు. నీరూ ప్రాణవాయువూ చాలు. ఒకే ఇనుప ముక్కలో ఒకచోట లోహం కరుగుతుంటే, మరొకచోట ప్రాణవాయువు ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. ఉప్పు ఈ వ్యవహారాన్ని త్వరపెడుతుంది. ఒక్కోసారి లోహం ఒంటినిండా సమంగా అరుగుతుంది. ఒక్కోసారి సూదిమొనంత గుంటగా మొదలై లోలోపల తొలుస్తుంది. పైకి కనబడదు కనుక ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం.

1824లో హంఫ్రీ డేవీ ఈ శాపాన్నే వరంగా మార్చబోయాడు. ఓడల రాగిరేకులు అరిగిపోకుండా వాటికి జింకు, ఇనుప ముక్కలు తగిలించాడు. అవి తాము కరిగిపోతూ రాగిని కాపాడాయి. శాస్త్రం గెలిచింది, కానీ ఓడలు ఓడిపోయాయి! కాపాడిన రాగి మీద గుల్లలు గుంపులుగా చేరాయి. రాగి కొద్దికొద్దిగా కరిగి నీటిలో విషం చిమ్మడం వల్లనే అంతకాలం అవి దూరంగా ఉన్నాయి. ఆ రాగి అరుగుదలే ఓడకు రక్ష అని అప్పుడు తెలిసింది. నౌకాదళం ఆ ప్రయత్నం మానుకుంది.

డేవీ సూత్రం మాత్రం వృథా పోలేదు. 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుముకు జింకు పూత పూసే పద్ధతికి పేటెంటు పొందాడు. మనం జీఐ పైపు అనేది ఆ పూత పూసిన గొట్టాన్నే. ఉక్కు ఓడల అడుగున ఈనాటికీ జింకు దిమ్మలు బిగిస్తూనే ఉన్నారు.

మా గొట్టానికీ ఆ పూత ఉంది. కానీ మరలు కోసినచోట పూత పోయి ఇనుము బయటపడింది. పక్కన ఇత్తడి, లోపల ఉప్పునీరు. ఇక చెప్పేదేముంది! తప్పు దుకాణదారుది కాదు, గొట్టానిదీ కాదు.

మొన్న ఊరు వెళ్ళినప్పుడు ఆయన దగ్గరకు వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. "పోనీండి బాబూ" అని నవ్వేశాడు. వస్తూ వస్తూ ఇనుముకూ ఇత్తడికీ నడుమ బిగించడానికి ప్లాస్టిక్ అతుకొకటి కొన్నాను. రెండున్నర శతాబ్దాల క్రితం ఆ కాగితం చేసిన పనే ఇప్పుడు మా పెరట్లో అది చేస్తోంది.